గోరంత తక్కువ

బ్లేడు దిగుతాంటే
ఈ తాడిపత్రి అంతా నా పండ్లలో వినపడతాది.
పైనుంచి పైపు నీళ్ళు, కింద బూడిద బురద.
నడుమ రెండడుగుల చదరం, నల్లబండ.

మూల నుంచి మూలకు కోయాల.
ప్రొద్దుటూరులో ఎవరో హోటలాయన
చేతులు కడిగే మూలకు అడిగినాడంట.
టేపు పెడితి.
ఇరవై నాలుగంగుళాల పక్కకు
మూల కొలత ముప్ఫై నాలుగు, గోరంత తక్కువ.
మా మామ లాలెప్ప నేర్పిన లెక్క.
ఆయనకు ఆయన మామ.
ఇంతమందిలో ఒక్కరూ
ఆ గోరు ఎంతని అడగల్యా.

పర్వీన అడిగింది.
తొమ్మిదో తరగతి. సద్ది గిన్నె దించి,
ఎండిన బురద మీద మేకుతో చదరం గీసి,
"గోరంటే ఎంత నాయనా?"
"అర నూలు."
"సరిగ్గా అర నూలేనా?"
కన్ను మూసి చూస్తి.
"కాదులే. అర నూలు తీసేస్తే రొంత ఎక్కువ తీసినట్టు."
"ఆ రొంతను మళ్ళా కొలువు."
"దానికి టేపు యాడుందే?"
"ఉన్నా అయిపోదు నాయనా.
అంగుళాన్ని నువ్వు వెయ్యి చెయ్యి, కోటి చెయ్యి,
ఒక ముక్క ఆ మూల దాటి పడతాది,
దాని ముందుది ఇవతలే నిలబడతాది.
మూల మీద మాత్రం ఏదీ పడదు."

దాని పేరు కరణీయ సంఖ్యంట.
ఇంతలో ఇన్నో వంతని రాయగలిగితే అకరణీయమంట.
తిరకాసు చూడు!
మాట వినేదానికి ముందర 'అ' పెట్టినారు,
విననిదాన్ని 'అ' లేకుండా వదిలిపెట్టినారు.
"కరణం లెక్కకు అందనిది కాబట్టి కరణీయమా?" అంటి.
పడీపడీ నవ్వింది. కాదని చెప్పల్యా.

నాకు తెలిసినవన్నీ ఆ 'అ' ఉన్నవే.
లారీ లోడింగుకు వెయ్యి, మనుషులం ముగ్గురం:
తలా మూడు వందల ముప్ఫై మూడు,
మిగిలిన రూపాయి ఎవరిదని
దస్తగిరికీ ఓబులేసుకూ నెల పొద్దు మాటల్లేవు.
"అది కూడా తెగదు కదమ్మా? మూడు, మూడు, మూడు..."
"తెగదు. కానీ అది గానుగెద్దు.
ఏడుతో భాగించినా అంతే,
ఆరడుగులేసి మొదటికొస్తాది.
నువ్వు పడుకుని లేచినా యాడుంటాదో చెప్పొచ్చు.
ఇది అట్ల కాదు.
ఎంత దూరం పోనీ, పాత చక్రం తొక్కదు."
గిన్నె మూత తీసింది. ఉల్లిగడ్డ, ఊరిబిండి.

తింటాంటే దాని కండ్లు నా ఎడమ చేతి మీద.
చూపుడు వేలికి గోరు లేదు.
ఇదే మిషను, ఐదేండ్లాయె.
ఆ పొద్దు ఓనరు కాగితం మీద రాసినాడు:
వేలికి మూడు కణుపులు,
పోయింది ఒకటి, అది కూడా సగం,
అంటే ఆరింట ఒక వంతు.
చెయ్యంతటికీ ఇంత, ఆరో వంతుకు ఇంత.
భాగహారం నిశ్శేషంగా పోయింది.
నేనూ వేలిముద్ర వేస్తి, కుడిచేతిది.
రాత్రిళ్ళు మాత్రం
లేని గోరు కింద జిల పుడతాది.
గీరుకుందామంటే చోటుండదు.
దీన్ని ఎన్నింట ఎన్నో వంతని రాస్తారో
పిల్లను అడగల్యా. గిన్నె కడగబోయింది.

బండ కోస్తి.
బ్లేడు మందమే మూడు మిల్లీమీటర్లు,
పర్వీన గోరుకు రెండింతలు.
అంత తగువూ నీళ్ళల్లో కొట్టుకపోయింది.
రెండు ముక్కలూ గోడకు ఆనిస్తే
అంచులు తడిగా, అద్దంగా.

సాయంత్రం బిల్లు రాసినారు:
ఇరవై నాలుగు, ఇరవై నాలుగు, ముప్ఫై నాలుగు.
పర్వీన చదివి నా దిక్కు చూసింది.
చెబుదామనుకుంటి.
లారీ అప్పుడే గేరు మార్చింది.