కల్వర్టు 212

ముగ్గురు గవర్నర్లు మారారు బిస్మార్క్‌లో.
ప్రతిసారీ ఆర్లిస్ టోర్గర్సన్ రాజీనామా టైపు చేయించి
తేదీ ఖాళీగా వదిలి సొరుగులో పెట్టేది.
టైపు చేసింది నేనే.

పందొమ్మిదేళ్లప్పుడు సర్వే ముఠాలో
గాలికి ఊగిపోయే కొలకర్ర పట్టుకుని నిలబడ్డ పిల్ల;
మరో ముప్పైయేళ్లకు రవాణాశాఖ మొత్తం చేతికొచ్చింది.
వేసిన రోడ్డుకు ఎవరి పేరో పెట్టారు.
గుంతలు మాత్రం అన్నీ ఆమెవే.

ఉప్పు ఎక్కువైందని శాసనసభ,
చాల్లేదని లారీవాళ్లు.
కూరలో ఉప్పయితే నాలుక చెప్పేది,
మంచు మీది ఉప్పు సంగతి
తెల్లారితే గానీ తెలీదు.

ఆ జనవరిలో 212 దగ్గర
బడి బస్సు జారింది. పిల్లలు బతికారు.
డ్రైవరు లెస్టర్ బతకలేదు.
"వాతావరణం" అని రాసుకొచ్చారు గవర్నరు మనుషులు.
ఆమె పాత ఫైలు తెరిచింది:
రెయిలింగు వచ్చే ఏడాదికి వాయిదా. కింద పొట్టి సంతకం.
"ఇది వాతావరణం చేతిరాత కాదు" అంది.
సొరుగు లాగి తేదీ వేసింది.

మేలో, నేల మెత్తబడ్డాక, రెయిలింగు వేశారు.
చూడ్డానికి వెళ్లిందట.
కారు దిగలేదట.
కాసేపాగి, ఇండికేటర్ వేసి,
వెనక ఎవరూ లేకపోయినా అద్దంలో చూసుకుని
మెల్లగా రోడ్డెక్కిందట.