పదకొండూ నలభై

కంచె లోపల ఏముందో నాకు తెలీదు.
ఎంత కరెంటు తాగుతుందో మాత్రం తెలుసు.

సూదేపల్లె సబ్‌స్టేషన్లో తొమ్మిదేళ్లుగా నైటు డ్యూటీ.
గంటగంటకూ యాంపియర్లు రాయడం,
మధ్యలో చీకటికి ఎదురుగా కుర్చీ వేసుకోవడం.
ఆరో నంబరు ఫీడరు వాళ్లది.
మిగతావాటికి ఊరి పేర్లున్నాయి,
దానికి ఉత్త అంకె.

పగలంతా ఆ ముల్లు పడుకున్న పిల్లి.
వారానికో పది దినాలకో
రాత్రి పదకొండూ నలభైకి
గబుక్కున లేచి ఒళ్లు విరుచుకుంటుంది.
ట్రాన్స్‌ఫార్మరు గొంతు మారుతుంది.
ఊళ్లో ఫ్యాన్లు నీరసిస్తాయి,
ఉక్కకు దస్తగిరమ్మ మనవడు లేచి ఏడుస్తాడు.
పన్నెండున్నర దాకా అంతే.
తర్వాత ఏమీ ఎరగనట్టు
సున్నా పక్కన మళ్లీ ముడుచుకుంటుంది.

ఊళ్లో ఎవరి లెక్క వాళ్లది.
పైన పోయే విమానాన్ని తీగ లేకుండా
కిందికి గుంజుతారంటాడు టీ బంకు మౌలాలి.
మబ్బుల్ని తరుముతున్నారనీ
పోయినేడు బుడ్డలకు ఊడలు దిగంది అందుకేననీ
మద్దిలేటి కోపం.
"లోపల ఏమీ లేదప్పా,
ఏదో ఉందని పగవాడు అనుకోవల్ల. దానికే కంచె,"
అంటాడు రిటైరైన లెక్కల అయ్యవారు.
గొర్రెల సుంకన్న ఒక్కడే ఏమీ అనడు.
కంచె కింద దూరిపోయిన పొట్టేలు
మూడోనాడు తిరిగొస్తే
దాని కండ్లలోకి చానాసేపు చూసినాడంట.
"బాగా మేసొచ్చిన మొకమే," అన్నాడు.

నేనూ ఒక నోటుబుక్కు పెట్టినా.
ఆఫీసుది కాదు, సొంతం.
తేదీ, టైము, గాలి ఎటు,
నక్కలు అరిచినాయా లేదా.
కొన్ని రాత్రులు డాబా ఎక్కి అటు చూస్తా.
ఒక ఎర్ర దీపం, దాని పైన చుక్కలు,
రెంటికీ నడుమ ఏదో ఉండాల కదా.
కనపడదు.
కనపడకపోవడానికే వాళ్లకు జీతం కాబోలు.

ఎందుకురా నీకు, అంటుంది మా పెద్దక్క.
గుట్టు రట్టు చేయాలని కాదు.
ఉప్పు అమ్మినోడు
ఏ కూరలోకమ్మా అని అడగడా, అంతే.

మొన్న జూన్లో, తొలివాన పడిన మర్నాడు
మీటరు సీలు చూడ్డానికి గేటు దాకా పోతే
కాపలా పిల్లోడు ఆపినాడు.
జేబు మీద బసుమతారీ అని ఉంది. అస్సాం వైపంట.
భుజాన తుపాకీ, చెంప మీద దోమకాటు.
అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి,
మా చేన్ల వైపు వేలు చూపించినాడు.

ఎర్రమట్టిలో నాలుగొందల మంది
నడుములు వంచి, అడుగులో అడుగేస్తూ,
ఒకరితో ఒకరు పలక్కుండా.
ఆదోని నుంచి, గుంతకల్లు నుంచి, బళ్లారి నుంచి
సద్దిమూటలతో వచ్చినోళ్లు
తెల్లారకముందు నుంచీ నేలను చదువుతున్నారు.

"ఏం వెతుకుతారు వాళ్లు?
రెండేండ్లుగా టవరు మీంచి చూస్తున్నా.
లోపల ఎవర్నడిగినా తెలీదంటారు."
వాడిది వచ్చీరాని తెలుగు,
నాది వచ్చీరాని హిందీ.

వజ్రం అనే మాట నాలిక కొస దాకా వచ్చింది.
వాన కడిగిన ప్రతి రాయినీ
ఎండకు తిప్పి తిప్పి చూసి
మా నాయన చూపు పోయింది దానికే.
మాయమ్మ పసుపుగుడ్డలో కట్టిన తెల్లరాయి
గూట్లో ఇంకా ఉంది.
ఎవరికీ చూపించలేదు,
రాయే అని తేలిపోతుందని.

"ఏం లేదు సార్," అన్నా. "ఉత్త గులకరాళ్లు."

వాడు నా మొకంలోకి చూసినాడు.
ఆ చూపు నాకు తెలుసు.
డాబా మీద నాకుండేదే.

సీలు సరిగ్గానే ఉంది. రాసుకుని సైకిలెక్కినా.

ఆ రాత్రి కూడా ముల్లు లేచింది.
నోటుబుక్కు తెరిచి తేదీ వేసినా.
గాలి పడమర. నక్కలు లేవు.
కాసేపు ఆలోచించి, దాని కింద ఇంకొక వరుస:
టవరు మీద ఒకడు మేలుకుని ఉన్నాడు.