ముప్ఫై ఏడు శాతం

శనివారం పొద్దున్నే కంప్యూటర్
ముప్ఫై ఏడు శాతం దగ్గర మూడంకె వేసి పడుకుంది.
ఆపొద్దు, అంటోంది తెర. ప్లగ్గు పీకొద్దు.
ఆ నీలం వెలుతురు ముందు రైవో
జ్వరం పిల్ల పక్కన కూర్చున్నట్టు
గంటన్నర కూర్చున్నాడు.

దాని కడుపులో మా ఇంటి పద్దు ఉంది.
ఫైలు పేరు "ఖర్చులు అసలు".
పక్కన "ఖర్చులు అసలైనవి".
ఇంకోటి, "ఇదే చివరిది రెండు".
ఏది నిజమో అతనొక్కడికే తెలుసు,
అదీ తలనొప్పి లేని రోజుల్లో.

"పదండి," అంది అత్త హెల్యు,
అప్పటికే బూట్లు తొడుక్కుని గుమ్మంలో.
"పొయ్యి దగ్గర నిలబడి చూస్తుంటే ఏదీ ఉడకదు."

తార్తు నుంచి పెయిప్సీ సరస్సుకి గంట దారి.
వెనక సీట్లో బెరిత్‌కి వాంతి వచ్చేలా ఉంది,
కాసేపటికి లేదు, మళ్లీ ఉంది.
బంకులో అంకెలు చూడలేక
ఆకాశం చూస్తూ పెట్రోలు నింపాడు రైవో.
నేను చూశాను. చెప్పలేదు.
పదకొండేళ్ల కాపురంలో
నేను నేర్చిన పొదుపు అదొక్కటే.

ఒడ్డు వెంట ఒకే వరసలో ఇళ్లు,
ప్రతి ఇంటి ముందూ ఒక బల్ల,
బల్ల మీద జడలల్లిన ఉల్లిపాయలు.
జడ పన్నెండు యూరోలు.
"పోయినేడు ఎనిమిదేగా?" అన్నాను.
"పోయినేడు నా మోకాలూ బాగానే ఉండేది," అంది అక్సీన్యా.
బేరం అక్కడితో సరి.

ఉల్లి చేసిన మేలు తల్లి కూడా చేయదంటారు.
అత్త చేసింది.
కోటు లోపలి జేబులోంచి
ఎనిమిది మడతల నోటొకటి తీసి
నా గుప్పిట్లో కుక్కింది.
"వాడికి చెప్పకు. గళ్లలో రాసేస్తాడు."

బెంచీ మీద పొగపెట్టిన చేప తిన్నాం,
వేళ్లంతా నూనె.
"తొంభై రెండు జూన్‌లో," అని ఎత్తుకుంది అత్త,
"పదిహేను వందల రూబుళ్లకి
నూటయాభై క్రోన్లు చేతిలో పెట్టారు.
మిగిలిన రూబుళ్లు వీడికిచ్చాను ఆడుకోమని.
వీడు వంటింట్లో కొట్టు పెట్టాడు.
నా పీటే నాకు అమ్మాడు, మూడు వందలకి!"
"చిల్లర సరిగ్గానే ఇచ్చానుగా,"
అన్నాడు రైవో ముల్లు తీసుకుంటూ.

బెరిత్ నీళ్లలోకి రాళ్లు విసురుతోంది.
ఆవలి గట్టు కనబడదు ఇక్కణ్ణుంచి.
"ఇది ఎంత శాతం అయింది నాన్నా?"
అంది, సరస్సుని చూపిస్తూ.

ఇంటికొచ్చేసరికి తెర కొత్త పాట అందుకుంది:
చేసిన మార్పులన్నీ వెనక్కి తీస్తున్నాం.
రాత్రి తొమ్మిదింటికి కళ్లు తెరిచింది.
"ఇదే చివరిది రెండు" మే నెలతో ఆగిపోయింది.
ఆ తర్వాత గళ్లన్నీ తెల్లగా,
మేమెవరమూ ఎండాకాలం బతకనట్టు.

ఉల్లిపాయలు చుట్టిన కాగితం సాపు చేసి
వెనక వైపు రాయడం మొదలుపెట్టాం.
జూన్, నా పన్ను. సైకిలు గొలుసు.
జూలై, లైనే పెద్దమ్మ అంత్యక్రియల పూలు,
సరిసంఖ్యలో, ఇరవై నాలుగు యూరోలు.
అదే వారంలో ఐస్‌క్రీములు. ఎందుకన్ని?
ఏడుపు ఆపడానికి, అంది బెరిత్.
ఎవరిదో చెప్పలేదు.
ఈ రోజు: పెట్రోలు, చేప, ఉల్లి.
"ఉల్లి డబ్బు ఎందులోంచి?" అన్నాడు రైవో.
అత్త గోడ మేకుకి జడ తగిలిస్తూ
అటే తిరిగి నిలబడింది, చాలాసేపు.

అప్పుడు, జనవరి నుంచి మాతో మాటల్లేని ప్రింటర్
ఉన్నట్టుండి గొంతు సవరించుకుంది.
ఒకే ఒక్క కాగితం.
ఈతకొలను టికెట్: ఇద్దరు పెద్దలు, ఒక పాప,
జనవరి పందొమ్మిది.
ఆ రోజు ఇది చేతిలో లేకే
గేటు దగ్గర మళ్లీ డబ్బు కట్టాం.

"ఇంకా పనికొస్తుందా?" అంది బెరిత్.
రైవో కాగితం మీద ఒక గడి గీశాడు.
పెన్ను గడి మీద పెట్టి
అలాగే ఉండిపోయాడు.