ఏడో కర్ర

నారిన్ ఊళ్లో, నదివైపు తిరిగిన రెండో అంతస్తు గదిలో
బెర్మెత్ ఒక్క వరుస ఆదేశం కొట్టి
టీ పెట్టుకోడానికి లేచింది.

పెట్టె దిగుతోంది, పొర మీద పొర.
ఎక్కడో ఎవరో ముందే వండి, మూత బిగించి పెట్టిన పెట్టె.
అందులో పైథాన్ ఉంది, గ్రాఫులు గీసే సామానుంది,
ఏ వెర్షన్ పక్కన ఏది కూర్చుంటే
తన్నుకోకుండా ఉంటాయో తెలిసిన పెద్దరికం ఉంది.
కిందటేడు ఇవన్నీ విడివిడిగా ఎక్కించబోయి
పదకొండు రోజులు పోగొట్టుకుంది.
ఒకదాన్ని బతిమాలి కూర్చోబెడితే
ఇంకొకటి అలిగి లేచేది.

అయిదో పొర దగ్గర ఇంటర్నెట్ నీరసపడింది.
టీ చల్లారింది. కరెంటు ఒకసారి రెప్పవేసి తెరిచింది.
ఎనభై రెండు శాతం.
ఎనభై రెండు.
ఎనభై రెండు.

చివరికి తాళంచెవి లాంటి అక్షరాల తోక ఒకటి వచ్చింది.
బ్రౌజర్లో అతికిస్తే తలుపు తెరుచుకుంది:
తెల్లని గడి, అందులో కొట్టుకునే గీత,
ఊఁ, చెప్పు, అన్నట్టు.

చెప్పింది, సాయంత్రం దాకా.
హిమానీనదం మీద పాతిన పద్నాలుగు అల్యూమినియం కర్రలు,
ఏటా ఏ కర్ర ఎంత బయటపడిందో,
అంటే మంచు ఎంత పోయిందో.
సిర్గాక్ గుర్రం మీద వెళ్లి కొలుచుకొచ్చిన అంకెలు.
ఏడో కర్ర దగ్గర ఆగి, ఫోన్లో అడిగి,
ఆయన చెప్పిందంతా ఒక గడిలో రాసింది.
గ్రాఫు వచ్చింది. బాగుంది. పెట్టె మూసింది.

ఆగగానే ఆనవాలు లేకుండా తుడిచెయ్యమని
ఆ ఆదేశంలో తనే రాసింది, శుభ్రంగా ఉంటుందని.
ఇంటి ఫోల్డరుని పెట్టెకి కట్టడం మాత్రం మర్చిపోయింది.

పొద్దున మళ్లీ తెరిస్తే
అదే పెట్టె, అచ్చు గుద్దినట్టు అదే,
నిన్న నేనిక్కడే ఉన్నాను కదా అంటే
దుప్పటి మార్చిన హోటల్ గదిలా చూసింది.
పది గంటల పని, ఏట్లో పిసికిన చింతపండు.

కాసేపు కిటికీలోంచి నదిని తిట్టింది,
నదికేం సంబంధం లేకపోయినా.

తర్వాత సిర్గాక్‌కి ఫోను.
ఆయన నవ్వలేదు. ఆగు, అన్నాడు.
గుర్రం తుమ్మింది, జీను సంచీ బకిల్ చప్పుడైంది,
కిరోసిన్ మరకల పుస్తకం తీశాడు.
సిరా గడ్డకడుతుంది గనక
ముప్ఫై ఏళ్లుగా పెన్సిలే.
ఒకటో కర్ర నుంచి చదివాడు, నెమ్మదిగా,
వినేవాళ్లు రాసుకుంటున్నారని తెలిసిన గొంతుతో.

ఈసారి ఆదేశంలో ఒక కోలన్ పెట్టింది.
కోలన్‌కి ఎడమన తన ఇల్లు,
కుడిన ఆ పెట్టె.
రెండు చుక్కలే. మధ్యలో గోడ లేదు.

మధ్యాహ్నం ఆ గడుల పుస్తకాన్ని బిష్కెక్‌కి పంపింది.
అక్కడ తోల్కున్‌బెక్ అదే పెట్టె దింపుకుని
పైనుంచి కిందికి నడిపించాడు.
అదే గీత, అదే వాలు,
మూడో దశాంశం దాకా అదే నష్టం.
సంతోషించాలో వద్దో తెలీక
సరిపోయింది, అని మాత్రం రాశాడు.

ఓ గంటాగి ఇంకో ప్రశ్న:
ఏడో కర్ర అంకె మీద నమ్మకమేనా?

పైన గడి చూడు, అంది.
అక్కడ లెక్కలేం లేవు, మాటలే:

"కర్ర వంగింది. సిర్గాక్ బోర్లా పడుకుని,
చెంప మంచుకి ఆనించి,
రెండుసార్లు కొలిచాడు."