నూట ముప్పై గ్రాములు

నిజ్వా కోట వెనక సందులో
మా దుకాణంలున్న త్రాసు ఒకప్పుడు వెండి తూచేది.
పక్క దుకాణం మూతబడ్డప్పుడు
అర్బాబ్ ఐదు రియాల్లకు తెచ్చిండు.
ఇప్పుడు దానిమీద
తుపాకి ముక్కలు తూగుతయి.

ఖల్ఫాన్ ముసలాయన కుడి మోకాలు ఉక్కుది.
కర్ర గోడకానించి కూర్చుని
"కొండ మీద ఒక్కో గ్రాము ఒక్కో రాయి" అంటడు.
కాగితాలన్నీ ప్లాస్టిక్ సంచిలో సర్దుకొని
ఏటా ఒకసారి విమానమెక్కి
కిర్గిజ్ కొండల్లో అడవిమేక వెంట నడుస్తడు.
పోయినేడు సగం నుంచే దిగొచ్చిండట.
కనబడలేదా అంటే
"కనబడ్డది. నాకంటే పైన."

మొదలువెట్టినం.
గొట్టం ఇరవై నాలుగు అంగుళాలా, ఇరవై రెండా?
ఇరవై రెండు. సన్నటిది, పొడుగునా చారలు చెక్కింది.
బోల్టు పిడి బోలుది. అడుగు పలక అల్యూమినియం.
దుర్భిణి కాడ మాత్రం గొడవైంది.
సందె వెలుగుల చూపానదు, పెద్ద కన్ను కావాలె;
పెద్ద కన్నుకు రెండు వందల గ్రాములెక్కువ.
చిన్నది పెట్టి చూసిండు, పెద్దది పెట్టి చూసిండు,
చిన్నదాంట్ల ఎదురు దుకాణం బోర్డు చదివిండు,
తప్పు చదివిండు.
"చిన్నదే ఇయ్యి. మధ్యాహ్నం వేటాడుత."

ఇగ భుజానికానే కుందా.
కార్బన్ నారది ఆరు వందల యాభై.
అట్టపెట్టెల వస్తది, ఎవరి భుజమైనా దానికొకటే.
నా చేతి అక్రోటు కట్టెది తొమ్మిది వందల అరవై.
అర్బాబ్ నా దిక్కు చూడలే.
ఆ పెట్టె అమ్ముడైతే ఆయనకు లాభం, నాకు పని లేదు.

మాది నిర్మల్.
మా నాయిన పొనికి కట్టెతోని బొమ్మలు చేసేటోడు.
ఊపిరి గట్టిగ వదిలితే
బల్ల మీద చిలుక ఒరిగిపొయ్యేది.
తేలికంటే ఏందో నాకు పుట్టుకతోనే ఎరుక.
అది తన్ను ఓర్వదని కూడా ఎరుక.
"తేలిక తుపాకి గట్టిగ తంతది బాబా,
తీసేసిన బరువు యాడికీ పోదు, భుజానికొస్తది" అన్న.
"భుజం బాగనే ఉంది" అన్నడు,
"నువ్వు మోకాలితో మాట్లాడు."

చెయ్యి కొలిచిన, మోచేతి మలుపు నుంచి చూపుడువేలి దాక.
చెంప ఎత్తు కొలిచిన.
రెండు వారాలు లోపల తొలిచిన,
ఎవరికీ కనబడని తావుల,
ఉలి చప్పుడు పలచబడ్డప్పుడల్లా ఆగుకుంట.
ఏడు వందల ఎనభై.
ఇంకా నూట ముప్పై బాకీ.
ముసలాయన జేబులకెళ్లి ఖర్జూరాల పొట్లం తీసి
త్రాసుల పెట్టిండు.
నూట నలభై.
"ఇవి కొండకింద తిని పోత."

గొట్టానికి, కట్టెకు నడుమ
వంద బైసాల నోటు దూర్చి కొసదాక లాగిన.
యాడ తగల్లేదు.
సంతకాలు, పోలీసు కాగితం, తాళమున్న పెట్టె.
పద్నాలుగేండ్లల్ల
నేను చెక్కిన ఒక్క తుపాకీ పేలంగ వినలేదు నేను.
నా బతాకా మీద వడ్రంగి అని ఉంటది, గంతే.

చలికాలం తిరిగొచ్చింది.
"ఎడమకు కొడుతున్నది" అన్నడు.
మేక సంగతి నేనడగలే, ఆయన చెప్పలే.
నోటు దూరిస్తే సగంలనే ఆగింది.
కట్టె ఉబ్బింది.
నిజ్వాల కట్టె పగులుతది, ఎన్నడూ ఉబ్బదు.
"మంచు. మూడు దినాలు."
కుందాకు ముక్కానించిన.
అవిసె నూనె, జరంత మందు కాలిన వాసన.
మిగిలింది మంచు వాసనో కాదో
పోల్చుకునే ఎరుక నాకు లేదు.

కార్బనైతే ఉబ్బకపోవు.
చెప్పొద్దనుకున్న, చెప్పిన.
"తెలుసు" అన్నడు. "గీకు."

గీకిన. నోటు కదిలింది.
రాలిన పొట్టంతా ఊడ్చి త్రాసుల పోసిన.
నాలుగు గ్రాములు.
ముసలాయన వంగి, కండ్లు చికిలించి,
ఈసారి అంకె సరిగ్గనే చదివిండు.
"నాలుగు రాళ్లు" అన్నడు,
కర్ర కోసం గోడ తడుముకుంట.