అప్పగింత

పెద్దకర్మ అయిన మర్నాడు
అమ్మగారు బీరువా తాళాలిచ్చి
"తవిటినాయుడూ, ఎవరి కట్టలు వాళ్లకిచ్చీ" అన్నారు.
ఇరవై తొమ్మిదేళ్ల ఎర్ర టేపులు.
విప్పుతుంటే వేళ్లకే తెలుస్తోంది
ఏ ముడి నాదో, ఏది ఆయనదో.
ఆయనకి ముడెయ్యడం రాదు.
తెగిన చెప్పుకి తాడు చుట్టినట్టు చుట్టేసేవారు.

సోంపేట కోర్టులో
సనపల లోకనాథం గారిది పెద్ద గొంతు కాదు.
జడ్జీగారు రెండుసార్లు "ఏమిటీ?" అనేవారు.
అవతలి ప్లీడరు నవ్వేవాడు.
కానీ జీడితోట గట్టెక్కి
తగువు ఎన్ని అడుగులో కాళ్లతో కొలిచొచ్చిన వకీలు
ఈ చుట్టుపక్కల ఇంకొకరుంటే చూపించండి.

డైరీ తీశాను.
నల్ల అట్ట, లోపల కోడి గీకిన రాత:
"ఓ.ఎస్. నూట పద్నాలుగు. సాక్షి రాలేదు. వాయిదా.
నీరజకి జామెట్రీ బాక్సు.
బారువ ధర్మారావుకి రేపు మిషను, ఆరున్నరకి వ్యాన్."
ఒకే సిరా. ఒకే పేజీ.
ఏది వృత్తి, ఏది ఇల్లు, ఏది ఊరిపని
గీత గీసి చూపించమంటే నావల్ల కాదు.

మంగళ, శుక్రవారాలు కోర్టుకి ముందు
ఉద్దానం ఊళ్లు తిరిగేది ఆ తెల్ల వ్యాన్.
కిడ్నీలు పాడైనవాళ్లు ముగ్గురో నలుగురో,
ఒళ్లో గుడ్డసంచులు, సంచుల్లో రిపోర్టులు, ఉడకేసిన గుడ్డు.
ముందు సీటు ఆయాసం ఎక్కువున్నవాళ్లది.
అందులో మనిషి మారుతుండేవాడు.
ఒక్కోవారం ఆ సీటు ఖాళీగా వచ్చేది.
ఆ రోజు నల్లకోటు బొత్తాలు తప్పు పెట్టుకునేవారు.
నేను చెప్పేవాణ్ని కాదు.
అమ్మగారు గేటు దాకా వచ్చి సరిచేసేవారు,
వీధంతా చూస్తుండగా, ఒక్క మాటా లేకుండా.

అమ్మగారి కాసులపేరు
ఆ వ్యాన్ ఇంజనులోకే పోయింది.
డైరీలో ఆ సంగతి లేదు.

ఆదివారం మాత్రం పనసపొట్టు ఆయనే కొట్టాలి.
చేతులకి నూనె రాసుకుని, లుంగీ ఎగ్గట్టి,
"యువరానర్, ముద్దాయి లొంగుట లేదు" అని అరిచేవారు.
పిల్లలు పడీపడీ నవ్వేవారు.
కోర్టులో లేని గొంతు
పెరట్లో ఎక్కడినుంచి వచ్చేదో.

కట్టల కోసం ఒక్కొక్కరే వస్తున్నారు.
కొర్లాం ముసలమ్మ తీసుకోనంది.
"బావు నేరు గదా, ఇంకేటి కేసు?
నీ కాడే ఉంచీ నాయినా."
ఉంచాను. ఏం చేస్తాను.
ఇంకొకాయన రుమాలు విప్పి
ఫీజు బాకీ పన్నెండొందలు లెక్కపెట్టాడు.
పుస్తకం మూడుసార్లు తిరగేశాను.
ఆయన పేరే లేదు.
ఆయనా నమ్మలేదు, నేనూ నమ్మించలేకపోయాను.
డబ్బు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

అడుగు అరలో ఒక కట్ట.
ఆ ముడి ఆయనదే.
వాది: సనపల లోకనాథం.
ప్రతివాది: సనపల జగన్నాథం.
కొబ్బరితోటలో నలభై సెంట్లు.
స్టాంపులు అంటించి ఉన్నాయి, సంతకం ఉంది, తేదీ లేదు.
టైపు నాదే.
నేను పనిలో చేరిన ఏడు, తప్పులన్నీ అలాగే ఉన్నాయి.
గుర్తొచ్చింది.
కోర్టు మెట్ల మీద నా చేతిలోంచి లాక్కుని
"సాయంత్రం అన్నయ్య ఇంట్లో భోజనానికి పిలిచారు,
రేపు చూద్దాంలే" అన్నారు.
కేసు గట్టిది. గెలిచేవారు.
ఆ రేపు
ఇన్నేళ్ల పాటు వాయిదా పడుతూనే వచ్చింది.

పెద్దకర్మకి వచ్చిన జగన్నాథం గారు
ఇంకా వీధరుగు మీదే ఉన్నారు.
ఎనభై రెండేళ్లు. కవిటి బస్సు రెండింటికి.
తలుపులోంచి తొంగిచూసి
"నా కాయితాలేమైనా ఉన్నాయేటి, నాయుడూ?" అన్నారు.

ఎవరి కట్ట వాళ్లకిమ్మన్నారు అమ్మగారు.

"నేవు బాబూ" అన్నాను.
ఎర్ర టేపు మళ్లీ చుట్టాను,
నా ముడి కాదు, ఆయన ముడి.
జారిపోయింది.
మళ్లీ వేశాను.