లాగు

ఫారంలో ఏడో గడి:
సభ్యత్వ సంఖ్య.
ఏం రాయాలో తెలియక
పెన్ను కాసేపు గాల్లోనే పట్టుకున్నాను.
బల్ల వెనక శేషగిరి గారు
"ఖాళీగా వదిలెయ్యమ్మా,
అతిథి అని నేను రాసుకుంటాలే" అన్నారు.
రాసుకున్నారు, పెన్సిల్‌తో.
పైనున్న పదహారు పేర్లూ నీలిసిరా.

నేనేం అతిథిని?
రెండు వేసవులు ఆ గోతిలో కూచుని
యంత్రం చేతికి మట్టిపిట్టలు అందించాను.
పగిలిన పెంకులు గోనెసంచిలోకి ఏరాను
సరుగుడు తోట చివరిదాకా.
ఇక్కడి పల్లేరుకాయలకి నా చెప్పులు తెలుసు.
కానీ సభ్యత్వానికి రెండు సంతకాలు కావాలి,
ముప్ఫై వేలు కావాలి,
వృత్తి అన్న చోట
ఐస్ ఫ్యాక్టరీలో దిమ్మలు కొట్టే పని అని చదివాక కూడా
వణకని చెయ్యి కావాలి.

తుపాకీ నాది కాదు.
నేవీలో రిటైరైన మహాపాత్ర గారిది.
మోకాలు నొప్పి, ఈ ఏడు నువ్వు కొట్టు అన్నాడు.
పక్కనే కుర్చీ వేసుకున్నాడు
చట్టం కోసం కొంత, నా కోసం కొంత.

కాపులుప్పాడ దాటాక కొండ పాదం.
చెత్త గుట్టల మీంచి వచ్చిన గద్దలు
తుపాకుల మోత మీదే తీరిగ్గా తిరుగుతున్నాయి.
ఇది తమ గొడవ కాదని వాటికెప్పుడో తెలిసిపోయింది.

అందరూ పుల్ అంటారు.
నా నోట్లోంచి "లాగు!" అని వచ్చింది.
వెనక కుర్రాళ్ళు కిసుక్కుమన్నారు,
ఎవడి లాగు ఊడిందిరా అని.
రిఫరీ నిబంధనల పుస్తకం తిరగేశాడు.
ఏ భాషలో అరవాలో అందులో లేదు.

గోతిలో ఉన్న అసిరిగాడికి మాత్రం
చెప్పక్కర్లేదు.
జాలారిపేటోడే.
వాడి తాతా మా నాన్నా
ఒకే పెద్దవల తాడు పట్టినవాళ్ళు.
ఆడగుంట తాడు ముట్టుకోడమేటని
ఒడ్డంతా సణిగినా
నాన్న నన్ను తన వెనకే నిలబెట్టేవాడు.
పాలు పంచేటప్పుడు
నా గౌను ఒళ్ళో ఒక గుప్పెడు కవ్వళ్ళు.
వల ఎక్కడ వెయ్యాలో కూడా అక్కడే విన్నాను:
చేప ఉన్నచోట కాదే,
చేప రాబోయేచోట.

నారింజ చిప్ప లేచింది.
దాని ముందున్న ఖాళీని కొట్టాను.
నల్లటి పొడి.
ఇంకొకటి.
పదకొండింటికి సముద్రం గాలి తిరుగుతుంది,
పిట్ట సరుగుళ్ళ మీద మూరెడు పైకి తేలుతుంది.
నాకు తెలుసు, సిరా పేర్లకి తెలీదు.
పదిహేడోది తప్పింది.
పద్దెనిమిదోదీ తప్పింది,
పదిహేడోదాని గురించి ఆలోచించినందుకు.

ఇరవై అయిదుకి ఇరవై ఒకటి.

మూడో కప్పు ఇరవైకి ఇచ్చారు.
ఆయన పేరు చదివారు, నాన్నగారి పేరు చదివారు,
అనకాపల్లి దగ్గర క్వారీలున్నాయని కూడా చదివారు.
తర్వాత మైకులో
"అతిథులు కూడా చక్కగా పాల్గొన్నారు" అన్నారు.
ఉన్నది నేనొక్కదాన్నే.
బహువచనానికి సంతోషించాలి కాబోలు.

శేషగిరి గారే బిరియానీ పొట్లం తెచ్చిచ్చారు.
వచ్చే ఏడు చూద్దాంలే అన్నారు.
చెడ్డాయన కాదు.
పెన్సిల్ చెవి మీద పెట్టుకుని మర్చిపోయారు, అంతే.

సాయంత్రం అలవాటుగా
గోనెసంచి పట్టుకుని దిగాను.
తప్పినవి నాలుగూ దొరికాయి గడ్డిలో.
ఒకదానికి చిన్న బెజ్జం.
గుండు ఇటు దూరి అటు పోయింది,
ముక్క మాత్రం ఊడలేదు.
ముక్క ఊడినట్టు కంటికి కనపడితేనే లెక్క.
నిజంగానే ఉంది ఆ రూలు, చూపించమంటే చూపిస్తారు.

"తగిలిందే కదక్కా!" అన్నాడు అసిరిగాడు.
తగిలిందిరా అన్నాను.
వాడు బెజ్జంలోంచి నైలాను తాడు దూర్చి
ఆటో అద్దానికి కట్టాడు.
గతుకు వచ్చినప్పుడల్లా అది గాజుకి కొట్టుకుంటోంది,
మధురవాడ దాకా,
టిక్కు టిక్కుమని.